చెట్టు అదే చోట మొలవాలి



పెనుగొండ పేరులో కొండ ఉంది. ఊళ్ళో కొండ లేదు. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి గట్టెక్కి నాలుగు దిక్కులా చూసినా కనిపించేవి కొబ్బరి తోటలు, తాటిచెట్లు, వరిచేలు. మన కాళ్ళ కింద ఉన్నదంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. బావి కోసం తవ్వినా పునాది కోసం తవ్వినా మట్టి, ఇసుక, బంకమన్ను తగులుతాయి గాని బండ తగలదు.

అయినా పెనుగొండ నిండా రాయే. రోడ్డు కింద కంకర ఉంది. కాలువ లాకుల్లో చెక్కిన రాయి ఉంది. గుడి మెట్లకు, చర్చి పునాదికి, మేడ స్లాబుకు రాయి కావాల్సి వచ్చింది. నిడదవోలు నుంచి నరసాపురం దాకా రైలు పట్టాలు పరుచుకున్నది కూడా రాయి మీదే. ఇందులో ఒక్క ముక్కా ఇక్కడ పుట్టలేదు. ఎక్కడో ఒక కొండ తరిగితేనే ఇక్కడ రోడ్డు పడింది, మేడ లేచింది.

డెల్టాలో నీళ్ళు ఎవరి చేలకు పారాయి, భూమి ఎవరి పేరున ఎక్కింది అని మనం తరచూ మాట్లాడుకుంటాం. రాయి సంగతి మాట్లాడుకోం. రాయి తీసుకున్నాక ఆ కొండ ఏమైంది? ఆ గోతిని మళ్ళీ నేలగా, గడ్డిగా, చెట్లుగా మార్చే బాధ్యత ఎవరిది? మార్చాక అది ఎవరికి దక్కాలి? ఈసారి వ్యాసం ఈ మూడు ప్రశ్నల మీద.

రాయి కోసం వచ్చిన పట్టాలు

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. నది మధ్య లంకలను ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. మన పశ్చిమ డెల్టా కాలువ మొదలయ్యేది ఆ విజ్జేశ్వరం దగ్గరే. ఆర్థర్ కాటన్ ఆ చోటును ఎంచుకోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి, పక్కనే కొండలు ఉండటం. రాయిని దూరం నుంచి మోయనక్కర లేదు.

ఆ కొండల నుంచి నది ఒడ్డుకు రాయి చేరవేయడానికి 1840లలోనే అక్కడ పట్టాలు వేశారు. అంతకుముందు 1837లో మద్రాసు దగ్గర రెడ్ హిల్స్‌లో కాటన్ చొరవతోనే పడ్డ పట్టాలు కూడా రోడ్లకు రాయి మోయడానికే. బొంబాయి నుంచి ఠాణాకు జనం ఎక్కిన రైలు నడిచింది 1853లో. పాఠ్యపుస్తకాల్లో మనం చదివే తేదీ ఇదే. దానికి పదహారేళ్ళ ముందే ఈ దేశంలో పట్టాల మీద క్వారీ రాయి ప్రయాణం చేసింది.

ఆనకట్ట ఒక్కసారి రాయి తిని ఊరుకునే కట్టడం కూడా కాదు. అడుగు భాగాన, దిగువ వైపు రాళ్ళు గుట్టలుగా పోసేవారు. వరద వచ్చినప్పుడల్లా కొన్ని కొట్టుకుపోయేవి, మళ్ళీ పోయాల్సి వచ్చేది. 1852 తర్వాత కూడా కొండ తరుగుతూనే వచ్చింది.

రాయి కొట్టిందెవరు? దక్షిణాదిలో రాయి పగలగొట్టడం, మట్టి తవ్వడం, చెరువు గట్టు వేయడం వడ్డెరల కులవృత్తి. సమ్మెట వాళ్ళ చేతిలో ఉంది. తట్టలు మోసిన, కాలువలు తవ్విన కూలి జనంలో మాల మాదిగ పేటల వాళ్ళు ఎందరో. తాజ్‌మహల్ కట్టిన కూలీల గురించి శ్రీశ్రీ అడిగిన ప్రశ్న మన పిల్లలకు కంఠతా వచ్చు. అదే ప్రశ్నను ధవళేశ్వరం రాయి మీద పెట్టి అడిగే అలవాటు మాత్రం మనకు లేదు. ఈ రెండు జిల్లాల్లో కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. ఆయన గొప్పతనాన్ని తగ్గించాలని ఈ మాట అనడం లేదు. ఆనకట్ట వల్ల కరువు తప్పింది, ఈ రోజు దాదాపు 10 లక్షల ఎకరాలు పండుతున్నాయి. అయితే ఆ ఎకరాల పట్టాలు ఒక వైపు వెళ్ళాయి, తట్టా సమ్మెటా మరో వైపు మిగిలాయి. కొండ స్థానంలో గొయ్యి మిగిలింది.

ఆరు కోట్ల ఏళ్ళ నల్లరాయి

ఇప్పటి డెల్టా కథ కూడా అదే. నిడదవోలు దాటి పైకి వెళితే పల్లం పోయి మెట్ట వస్తుంది. కొవ్వూరు వైపు పంగిడి, గౌరీపట్నం చుట్టుపక్కల నల్లరాయి క్వారీలు ఉన్నాయి. గోదావరికి అవతల రాజమండ్రి పక్కన కాతేరు దగ్గరా అదే రాయి. మన రోడ్ల మెటల్‌కు, కాంక్రీటు చిప్స్‌కు పేరున్న రాయి ఇది.

ఈ నల్లరాయి దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కింద లావాగా వచ్చింది. పడమటి కనుమల వైపు అగ్నిపర్వతాలు కక్కిన లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు తూర్పుకు పారి ఇక్కడ, అప్పటి సముద్రపు అంచున గడ్డకట్టింది. భూమి మీద అంత దూరం పారిన లావా ప్రవాహాలు అరుదు. రెండు లావా పొరల మధ్య సముద్ర జీవుల అవశేషాలున్న సున్నపు పొర ఉంది. డైనోసార్లు అంతరించిన కాలాన్ని అర్థం చేసుకోవడానికి గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఈ రాజమండ్రి క్వారీల గోడలనే చదివి 2008లో పరిశోధన ప్రచురించారు. ప్రపంచానికి అది జీవ చరిత్ర పుటల్లో ఒకటి. మన దగ్గర అది టిప్పర్ లోడు లెక్కన అమ్ముడుపోతుంది.

రాయి మళ్ళీ పుట్టదు. ఎవరూ దాన్ని తిరిగి తేలేరు. తిరిగి తేగలిగింది రాయి పైన ఉన్న బతుకును. అందుకే రాయి పైన ఏముండేదో ముందు తెలుసుకోవాలి.

పోరంబోకు అనే మాట

రెవెన్యూ రికార్డులో అది కొండ పోరంబోకు. సాగుకు పనికిరానిది, శిస్తు రానిది అని అర్థం. శిస్తు కట్టేవాడి కంటితో చూస్తే అంతే. సెంటు భూమి లేని ఇంటి నుంచి చూస్తే అదే కొండ వేరుగా కనిపిస్తుంది. కట్టెలు అక్కడివే. మేకలు మేసేది అక్కడే. ఇంటి కప్పుకు బోదగడ్డి, ఊడ్చుకోవడానికి చీపురు, తినడానికి పరికి పళ్ళు, రేగుపళ్ళు, కలేకాయలు, తునికి పళ్ళు, అమ్ముకోవడానికి కరక్కాయలు, కుంకుళ్ళు, పళ్ళు తోముకోవడానికి కానుగ పుల్ల. చాలా ఊళ్ళలో దళితుల శ్మశానం కూడా ఆ అంచునే ఉంటుంది. భూస్వామి గట్టు మీద గడ్డి కోస్తే తిట్లు, ఒక్కోసారి దెబ్బలు. కొండ మీద కోస్తే అడిగేవాడు లేడు. ఊరికి దూరంగా నెట్టేసిన జనానికి ఊరి దయ అక్కర లేకుండా దొరికిన నేల అది.

క్వారీ వచ్చాక మొదట పోయేది రాయి కాదు, రాయి మీది జానెడు పైమట్టి. అందులో ఏళ్ళ తరబడి రాలిన గింజలు నిద్రపోతూ ఉంటాయి. వాన పడితే లేస్తాయి. వేళ్ళను అంటిపెట్టుకుని పోషణ అందించే బూజు ఉంటుంది, వానపాములు ఉంటాయి, చెదపురుగులు ఉంటాయి. ఆ జానెడు మట్టి తయారవడానికి కొన్ని వందల ఏళ్ళు పడుతుంది. పొక్లెయిన్ ఒక పూటలో దాన్ని గీకి పక్కన పారేస్తుంది, లేదంటే గ్రావెల్‌తో కలిపి అమ్మేస్తారు. తర్వాత పేలుళ్ళు, క్రషర్ దుమ్ము, ఆ దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకు సిలికోసిస్ భయం. చివరికి లీజు అయిపోయాక నిట్టనిలువు గోడలతో ఒక గొయ్యి. వానాకాలం అందులో నీళ్ళు నిండుతాయి. కంచె ఉండదు, దిగడానికి మెట్లు ఉండవు. ఈతకు దిగిన పిల్లల కబురు ఏటా ఏదో ఒక ఊరి నుంచి పేపర్లో చదువుతూనే ఉంటాం.

గట్టున కొన్నాళ్ళకు సర్కారు తుమ్మ మొలుస్తుంది. దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చదనంలో పరికి పండు లేదు, చీపురు లేదు, మేకకు సరైన మేత లేదు.

చట్టంలో ఒక చిన్న మాట

దీనికి చట్టం లేదా అంటే ఉంది. ఆ చట్టం ఎలా రాశారో చూస్తే కులం గుర్తుకొస్తుంది.

1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ఖనిజాలను రెండుగా విడదీసింది. ఒకటి పెద్ద ఖనిజాలు. ఇనుము, బాక్సైట్ లాంటివి. రెండోది చిన్న ఖనిజాలు. ఇంటి రాయి, కంకర, గ్రావెల్, మామూలు మట్టి, ఇసుక. చిన్నవాటి పెత్తనం రాష్ట్రాలకు వదిలేశారు. మన రాష్ట్రం 1966లో చిన్న ఖనిజాల నిబంధనలు చేసుకుంది.

పెద్ద ఖనిజాల కోసం కేంద్రం 1988లో చేసి 2017 దాకా నడిపిన నిబంధనల్లో మంచి మాటలు ఉండేవి. పైమట్టిని విడిగా తీసి, విడిగా దాచి, తవ్వకం అయిపోయిన చోట మళ్ళీ పరచాలి. నరికిన చెట్లకు కనీసం రెట్టింపు నాటాలి. చెట్లే కాదు, నాశనమైన మిగతా మొక్కలను కూడా వీలైనంత వరకు తిరిగి తేవాలి. తర్వాత వచ్చిన సవరణల్లో గని మూసివేత ప్రణాళిక, దానికి ముందుగా డబ్బు పూచీ కూడా చేరాయి. ఇవన్నీ పెద్ద ఖనిజాలకే. చిన్న ఖనిజాలు ఆ నిబంధనల పరిధిలోకి రాలేదు. మన ఊళ్ళ పక్కన ఉండేవన్నీ ఆ చిన్న ఖనిజాలే. మళ్ళీ 2015 ఫిబ్రవరిలో కాల్సైట్, లేటరైట్, క్వార్ట్జ్‌తో సహా మరో 31 ఖనిజాలను పెద్ద జాబితా నుంచి చిన్న జాబితాలోకి దించారు. గొయ్యి లోతు మారలేదు, పేరు మారింది.

చిన్న ఖనిజాలను చట్టం పూర్తిగా వదిలేసిందని కాదు. 1986 సవరణతో క్వారీల వల్ల పోయిన చెట్లను, పొదలను తిరిగి పెంచే విధానం మీద నిబంధనలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు పార్లమెంటు ఇచ్చింది. ఎక్కడ పెంచాలి? అదే ప్రాంతంలో గాని, రాష్ట్ర ప్రభుత్వం ఎంచుకున్న మరో ప్రాంతంలో గాని. 1988 నిబంధనల్లోనూ చెట్లు నాటే విషయంలో ఈ వెసులుబాటే ఉండేది. అడవి పోయినందుకు బదులు అడవి పెంచే 2016 నాటి చట్టం కూడా ఈ దారిలోనే నడుస్తుంది.

మరో చోట. ఈ మాట మనకు కొత్త కాదు. ఊరు ఇక్కడ, మీ పేట మరో చోట. బావి ఇక్కడ, మీ నీళ్ళు మరో చోట. ఇళ్ళ స్థలాలు ఇస్తాం, కాకపోతే ఊరికి దూరంగా, మునిగే పల్లంలో, మరో చోట. పంగిడి పక్కన మేత పోగొట్టుకున్న మేకకు మరో మండలంలో నాటిన జామాయిల్ ఏం పెడుతుంది? కొండ పోయింది ఒక జనానికి, చెట్టు మొలిచింది ఇంకెవరి రోడ్డు పక్కనో అయితే లెక్క కాగితం మీదే సరిపోతుంది.

సుప్రీంకోర్టు రెండుసార్లు ఈ కంతను కొంత పూడ్చింది. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో, 5 హెక్టార్ల లోపు చిన్న క్వారీలకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసింది. 2020 జనవరి 8న కామన్ కాజ్ కేసులో ఇంకొక అడుగు వేసింది. తవ్వకం ఆపాక లీజుదారు తన ఖర్చుతో ఆ నేల మీద మళ్ళీ గడ్డి పెంచాలని, పశుగ్రాసం, మొక్కలు, జీవాలు బతికే స్థితికి తేవాలని, ఆ షరతును గనుల లీజుల్లోనే పెట్టాలని కేంద్రాన్ని ఆదేశించింది. తవ్విన నేల మీదనే. ముందు గడ్డి. మేకలు కాసే ఇంటికి ఈ రెండు మాటల విలువ తెలుస్తుంది. ఆ తీర్పు మన క్వారీ గట్టు దాకా వచ్చిందో లేదో చూడటానికి లాయరు అక్కర లేదు, కళ్ళుంటే చాలు.

భీమవరం నుంచి వెళ్ళిన న్యాయమూర్తి

ఈ చరిత్రలో మన జిల్లా వాడు ఒకాయన ఉన్నాడు. జస్టిస్ కె. రామస్వామి. 1932లో భీమవరంలో పుట్టిన దళితుడు. 1989లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. 1997 జులై 12న పదవీ విరమణ. దానికి ఒక్క రోజు ముందు, జులై 11న, ఆయన ఇచ్చిన తీర్పు పేరు సమత తీర్పు.

విశాఖ ఏజెన్సీలో అనంతగిరి మండలం, బొర్రా చుట్టూ ఉన్న 14 ఆదివాసీ గ్రామాలు. అక్కడి కాల్సైట్ కోసం ప్రభుత్వం గిరిజనేతరులకు, కంపెనీలకు లీజులు ఇచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1995లో హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, రామస్వామి, సగీర్ అహ్మద్, ఆదివాసీల వైపు నిలిచారు. 1959 భూ బదలాయింపు నిబంధన, 1970లో వచ్చిన దాని సవరణ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. ప్రభుత్వం కూడా ఆ నిబంధనకు లోబడ్డ ‘వ్యక్తే’ అని తీర్పు చెప్పింది. ప్రభుత్వ భూమి అయినంత మాత్రాన సర్కారు దాన్ని ఇష్టం వచ్చినట్టు లీజుకివ్వడానికి వీల్లేదు.

ఆ తీర్పులో ఎక్కువ మంది గుర్తుపెట్టుకున్నది 20 శాతం మాట. గని లాభంలో కనీసం 20 శాతం నీళ్ళకు, బడికి, ఆసుపత్రికి, రోడ్డుకు శాశ్వత నిధిగా పెట్టాలన్నాడు. దాని వెనకే ఇంకో వాక్యం ఉంది. అడవిని తిరిగి పెంచడానికి, పర్యావరణాన్ని కాపాడటానికి అయ్యే ఖర్చు ఈ 20 శాతంలో కలవదు. అంటే బడి కట్టించాం కాబట్టి కొండ బాకీ తీరిపోయింది అనడం కుదరదు. మనిషికి ఇవ్వాల్సింది మనిషికి, నేలకు ఇవ్వాల్సింది నేలకు. రెండూ వేర్వేరు బాకీలు. క్వారీ యజమాని గుడికి చందా ఇచ్చి, స్కూలుకు బెంచీలు ఇచ్చి ఊరికి ఉపకారిగా తిరిగే రోజుల్లో ఈ వాక్యాన్ని గోడల మీద రాయాలి.

తీర్పును మార్చమని ప్రభుత్వాలు వేసిన పిటిషన్లు 2000లో కోర్టు కొట్టేసింది. అయినా కొండల మీద కన్ను పోలేదు. ఆ దశాబ్దంలోనే అరకు, చింతపల్లి బాక్సైట్ కోసం ప్రభుత్వ సంస్థను ముందు పెట్టి కంపెనీలతో ఒప్పందాలు చేసుకున్నారు. ఆదివాసీలు ఏళ్ళ తరబడి కొట్లాడి ఆపారు.

ఇక్కడ మనం చూడాల్సిన లోటు ఒకటుంది. సమత తీర్పు ఐదో షెడ్యూలు మీద నిలబడింది. పంగిడి ఐదో షెడ్యూలులో లేదు. మైదానపు కొండ పక్కన బతికే మాలకు, మాదిగకు, వడ్డెరకు ఆ రక్షణ లేదు. కొండను కాపాడిన తీర్పు రాసినవాడు మనలోని వాడు, ఆ తీర్పు మన కొండకు వర్తించదు. దళితులూ ఆదివాసీలూ ఒకే వేదిక మీద కూర్చోవాల్సిన పని ఇక్కడ ఉంది.

గొయ్యి మళ్ళీ నేల కావడం

నాలుగు జామాయిల్ మొక్కలు నాటి ఫొటో దిగితే నేల తిరిగి రాదు. ఈ పని ఎలా జరుగుతుందో ప్రపంచంలో కొన్నిచోట్ల చేసి చూపించారు.

పశ్చిమ ఆస్ట్రేలియాలో జర్రా అనే చెట్ల అడవుల్లో 1963 నుంచి బాక్సైట్ తవ్వుతున్నారు. మొదట్లో తవ్విన చోట పైన్ చెట్లు, తూర్పు ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన యూకలిప్టస్ రకాలు నాటారు. 1988 నుంచి ఆ పద్ధతి మానేసి స్థానిక జర్రా అడవి మొక్కలకే మళ్ళారు. అక్కడ నేర్చుకున్న ముఖ్య పాఠం పైమట్టి. గుట్టపోసి ఏళ్ళ తరబడి ఉంచితే అందులోని గింజలు చచ్చిపోతాయి. కొత్త గోతి నుంచి తీసిన పైమట్టిని వెంటనే పాత గోతి మీద పరిస్తే అడవి దానంతట అదే మొలవడం మొదలుపెడుతుంది. జర్రా కూడా యూకలిప్టస్ జాతి చెట్టే. అదే జాతి చెట్టు ఒకచోట సొంతం, ఒకచోట పరాయి.

ఈ సొంతం, పరాయి అనే మాటల దగ్గర జాగ్రత్తగా ఉందాం. శుద్ధి, జాతి, మూలం అనే మాటలు మన మీద ఎలా వాడారో మనకు తెలుసు. స్థానిక మొక్క అంటే శుద్ధమైన మొక్క అని కాదు. అక్కడి పురుగుకు, పిట్టకు, మేకకు, మనిషికి సంబంధం ఉన్న మొక్క అని. కెన్యాలో మొంబాసా దగ్గర బంబూరి సున్నపురాయి క్వారీలో 1971లో రెనే హాలర్ అనే ఆయన పని మొదలుపెట్టాడు. 26 రకాల చెట్లు నాటితే బతికినవి మూడే. అందులో ఒకటి మన ఉప్పాడ, అంతర్వేది తీరాల్లో కనిపించే సరుగుడు. సరుగుడు ఆకు రాలింది గాని కుళ్ళలేదు. అప్పుడు రోకలిబండలను తెచ్చి వదిలారు. అవి ఆ ఆకును తిని ఎరువు చేశాయి. మెల్లగా మట్టి పుట్టింది. మట్టి పుట్టాక వేరే చెట్లు వచ్చాయి. బయటి నుంచి వచ్చిన సరుగుడు దారి వేసి పక్కకు తప్పుకుంది. కోట్ల యంత్రాలు తవ్విన గోతిని నేలగా మార్చింది మనం కాలితో తన్నేసే పురుగు.

మన మెట్ట కొండలకైతే వరస వేరు. ముందు నిలువు గోడలను మెట్లుగా కొట్టి వాలు తగ్గించాలి. తవ్వి పారేసిన రాతి మట్టిని సర్ది వాన నీళ్ళు నిలిచేలా చిన్న గట్లు వేయాలి. దాని మీద పైమట్టి. తొలకరికి గడ్డి, వెంపలి, తంగేడు. వెంపలి గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. తర్వాత పరికి, కలే, బలుసు లాంటి పొదలు. పొదల్లో పిట్టలు వాలితే వాటి రెట్టలతో మరిన్ని గింజలు వస్తాయి. ఆ పైన రేల, మోదుగ, తునికి, ఉసిరి, కొండగోగు. కొండగోగు రాతి నెర్రెల్లోనూ బతుకుతుంది. మొదటి కొన్నేళ్ళు పశువులు తొక్కకుండా కాపలా, సర్కారు తుమ్మను వేళ్ళతో సహా పీకే పని. ఇందులో అయిదేళ్ళ ఎన్నికల కాలానికి పూర్తయ్యేది ఏదీ లేదు.

రాయి భాష తెలిసినవాళ్ళు

జోధ్‌పూర్ కోట పక్కన 2006లో రావు జోధా ఎడారి రాతి ఉద్యానం పని మొదలైంది. అది సర్కారు తుమ్మ కమ్మేసిన రాతినేల. తుమ్మను పైన నరికితే మళ్ళీ చిగురిస్తుంది. వేరు రాతి లోపల ఉంది. ఎవరి వల్లా కాలేదు. చివరికి ఖండ్‌వాలియాలు అనే సంప్రదాయ రాతి పనివాళ్ళను పిలిచారు. వాళ్ళు సుత్తితో రాయి మీద తట్టి, శబ్దం విని, నెర్రె ఎటు పోతుందో చెప్పారు. ఉలితో అక్కడే తొలిచి వేరు తీశారు. ఆ గుంటల్లోనే ఎడారి మొక్కలు నాటారు. ఉద్యానం నడిపిన ప్రదీప్ కృషెన్ చాలాచోట్ల చెప్పిన సంగతి ఇది.

మన దగ్గర ఆ విద్య వడ్డెరలది. ఏ రాయి ఎటు చీలుతుందో, నీరు ఏ నెర్రెలో దిగుతుందో వాళ్ళకు తరాల తెలివి. క్రషర్లు, పొక్లెయిన్లు వచ్చి ఆ పని పోగొట్టాయి. వడ్డెర సహకార సంఘాలకు రాతి క్వారీల్లో ప్రాధాన్యం ఇస్తామనే నిబంధనలు, హామీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. అంటే రాయి పగలగొట్టే హక్కు ఇస్తామంటారు, అదీ పెట్టుబడి ఉన్నవాడి చేతికి చేరిపోయే తీరుగా. పగిలిన కొండను బాగుచేసే పనిని, దాని కూలిని, దాని మీద హక్కును వాళ్ళకు ఇవ్వాలని ఏ ప్రభుత్వమూ అనుకోలేదు.

బాగుచేశాక ఏమవుతుందన్నది కూడా చూడాలి. బంబూరి క్వారీ ఇప్పుడు టికెట్ కొని చూసే పార్కు. గురుగ్రామ్‌లో పాత క్వారీల మీద 2010 నుంచి ఆరావళి స్థానిక మొక్కలతో పెంచిన అడవి నిజంగా గొప్ప పని. ఉదయం పూట అక్కడ నడకకు వెళ్ళేది నగరవాసులు. పచ్చబడటం ఒకటి, పోగొట్టుకున్నవాళ్ళకు తిరిగి దక్కడం ఇంకొకటి. మన మెట్టలో రేపు ఒక క్వారీ పచ్చబడితే దానికి కంచె వేసి రిసార్టు బోర్డు పెట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

1947లో ‘రాష్ట్రాలు, మైనారిటీలు’ అనే పత్రంలో బాబాసాహెబ్ అంబేద్కర్, ప్రభుత్వం చేతిలో ఉన్న సాగులో లేని భూమిని ఒక కమిషన్ దగ్గర ట్రస్టుగా ఉంచి షెడ్యూల్డ్ కులాల స్థిరనివాసానికి వాడాలని ప్రతిపాదించాడు. ఊరు ‘పనికిరాదు’ అన్న నేలను ఆయన మన రాజ్యాంగ హక్కుగా అడిగాడు. ఆ నేలను తవ్వుకుని, గొయ్యి చేసి, ఇప్పుడు నిజంగానే పనికిరాకుండా చేశారు. దాన్ని తిరిగి నేలగా చేయించుకోవడం, చేశాక దాని మీద ఊరుమ్మడి హక్కు దళిత, వడ్డెర, మేకల కాపరి కుటుంబాల పేర రాయించుకోవడం ఆ డిమాండుకు ఈనాటి రూపం.

విద్యార్థులకు ఒక పని

ప్రతి క్వారీకి పర్యావరణ అనుమతి పత్రం ఉంటుంది, గని ప్రణాళిక ఉంటుంది. సమాచార హక్కు కింద అడగండి. పైమట్టి ఎక్కడ దాచారు, ఎన్ని మొక్కలు, ఏ రకాలు, ఏ చోట నాటతామని రాశారో చదవండి. ‘మరో చోట’ అని ఉంటే ఆ చోటు పేరు అడగండి. తర్వాత గట్టు దగ్గరకు వెళ్ళి కాగితాన్ని నేలతో పోల్చండి. ఒక్కళ్ళే వెళ్ళకండి, జట్టుగా వెళ్ళండి. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. క్వారీ వల్ల నష్టపోయిన జనం కోసం పెట్టిన డబ్బు అది. అందులో మీ పేటకు ఎంత వచ్చిందో, గోతికి కంచె వేయడానికి ఎంత ఖర్చు పెట్టారో అడగండి.

ఇంకో పని ఇంట్లోనే ఉంది. కొండ అంచు పేటల్లోని ముసలమ్మల దగ్గర కూర్చుని, క్వారీ రాకముందు ఆ కొండ మీద ఏమేం దొరికేవో పేరు పేరునా రాసుకోండి. ఏ గడ్డి ఏ నెలలో, ఏ పండు ఎటు వైపు, ఏ ఆకు ఏ నొప్పికి. ఆ జాబితా ఏ ఆఫీసులోనూ లేదు. కొండను తిరిగి పెంచమని అడిగే రోజున, ఏం పెంచాలి అని అధికారి ఎదురు ప్రశ్న వేస్తాడు. అప్పుడు మన చేతిలో ఆ జాబితా ఉండాలి. ఆ ముసలమ్మలు ఎక్కువ కాలం ఉండరు. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.

జై భీమ్.